చిల్లుల సంచుల పందిరి

నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒకే ఒక్కటి ఉంది. ముప్పై రెండేళ్ళు పనిచేసి, ఇక అయిదు నెలల్లో దిగిపోతాననగా పడింది. అది ఎలా పడిందో చెబుతాను. సంతకం పెట్టే కుర్చీల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఆశ. పనికిరాకపోతే, రిటైరైనవాళ్ళు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు లెమ్మని వదిలేయండి.

నేను ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయ విభాగానికి సూపరింటెండెంటుగా ఉండేదాన్ని. ఇల్లు ఏలూరు, ఆఫీసు తాడేపల్లిగూడెం. రోజూ ప్యాసింజరు బండిలో వెళ్ళి రావడమే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా ఇంట్లో మూడు తరాలుగా చర్చికి వెళ్తున్నా, ఆ సామెతలో పూజారి ఉద్యోగం మాత్రం నాదే. పిల్లలకు వచ్చే ఫెలోషిప్పులు, సామగ్రి సాయం, పోటీలు, శిబిరాలు, అన్నీ నా బల్ల దాటి వెళ్ళాలి. సర్క్యులరు పై ఆఫీసులన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా దాని ఆఖరు తేదీ అయిపోయి ఉండేది. అయినా నేను దాన్ని నోటీసు బోర్డులో పెట్టి, ఎవరూ చింపకుండా అద్దానికి తాళం వేసేదాన్ని. గడువు దాటిన నోటీసు కోసం ఎవరొస్తారని నాకు ఎన్నడూ తోచలేదు.

మా చిత్రకళ శాఖ పాత హాస్టలు మెస్సులో ఉండేది. పధ్నాలుగు మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, ఒక శాఖాధిపతి. రంగుల వాసన ఎంత గాఢంగా ఉన్నా దాని అడుగున సాంబారు వాసన ఇంకా ఉండేది. శాఖాధిపతి గారు మెత్తటి మనిషి. ఏది అడిగినా “మీరెలా అంటే అలాగేనండీ” అనేవారు.

మా వైపు దీన్ని మర్యాద అంటారు. మొహం మీద కాదనడం మాకు చేతకాదు. “అలాగేనండీ” అంటాం. అంటే ఒప్పుకున్నామని కావచ్చు, విన్నామని కావచ్చు, ఇక మమ్మల్ని వదిలిపెట్టండని కూడా కావచ్చు. ఏదో కనిపెట్టుకోవడం ఎదుటివాళ్ళ పని. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాను కాబట్టి ఇది నాకు బాగా తెలుసనుకునేదాన్ని. సంతకం పెట్టే కుర్చీలో కొన్నేళ్ళు కూర్చుంటే తెలిసినవి కూడా మరిచిపోతామని మాత్రం తెలియదు.

ఆ సంవత్సరం బయటి రాష్ట్రంలో ఉన్న ఒక కళాకేంద్రం వాళ్ళు తమ సర్క్యులరును నేరుగా నా ఈ-మెయిలుకు పంపారు. కాబట్టి గడువు ఇంకా నలభై రోజులుంది. అంత తాజా అవకాశాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఎంపికైన విద్యార్థికి ఏడాదిపాటు పని చేసుకోవడానికి గది, భోజనం, నెలనెలా భత్యం ఇస్తారు. ఏడాది చివర ప్రదర్శన పెడతారు. దరఖాస్తులో రాసిన బొమ్మల్ని చూడ్డానికి కమిటీవాళ్ళే వస్తారు. శాఖాధిపతి గారు పధ్నాలుగు మందిలో ఒకమ్మాయిని నా దగ్గరికి పంపారు.

ఆ అమ్మాయిది మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఒక ఊరు. తండ్రి చేపల చెరువు మీద కాపలా మనిషి. చదువు అయిపోవస్తోంది. చేపలకు ఐసు వేసి లారీలకెక్కించే షెడ్డులో తూకాలు రాసే పని తండ్రి అప్పటికే మాట్లాడి పెట్టాడు.

“ఇది వస్తే ఏడాది బొమ్మలేసుకుంటానండీ. రాకపోతే మే ఒకటో తారీకునించి షెడ్డుకి వెళ్ళాలండీ” అంది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

తరవాత వెంట తెచ్చిన మూట విప్పింది. చేపల మేత సంచులు. కొల్లేటి చెరువుల్లో మేత ఎలా పెడతారో తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ప్లాస్టిక్కు సంచికి అడుగున వరసగా చిల్లులు పొడిచి, తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కడతారు. చేపలు కిందినుంచి వచ్చి చిల్లుల దగ్గర తింటాయి. అలా వాడేసిన సంచుల్ని విప్పి, కడిగి, ఒకదానికొకటి కుట్టి ఒక గది వెడల్పు పరదా చేసింది. దాని మీద రంగులు పల్చగా వేసి ఉన్నాయి. నా కంటికి మరకలు, చిల్లులు కనిపించాయి.

“ఇదేమిటమ్మా?”

“కొల్లేరండీ.”

“ఎటునుంచి చూస్తే?”

“కిందనించండీ. ఇది గోడకి పెట్టేది కాదండీ. పైన కట్టాలండీ, పైన ఎండ ఉండాలండీ. చేప కిందనించే కదండీ చూసేది?”

నాకు తెలిసిన బొమ్మలు గోడకు ఉండేవి. మా ఇంట్లో ప్రభువు బొమ్మ, ఆఫీసులో నాయకుల బొమ్మలు, పళ్ళ డాక్టరు గదిలో పువ్వుల కూజా. వీటిలో ఏదీ చేప చూడాల్సింది కాదు. దానికి తోడు నాకు ఒక పాత దెబ్బ ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు ఒకబ్బాయి పాత న్యూసుపేపర్ల మీద బొమ్మలు వేసి పోటీకి పంపితే, ‘సామగ్రి నాసిరకం’ అని రాసి తిప్పి పంపేశారు. ఆ అబ్బాయి ఇప్పుడు ఫ్లెక్సీల షాపులో కూర్చుని పెళ్ళికొడుకుల మొహాలు తెల్లగా చేస్తున్నాడు. ముందే ఒక మాట చెప్పి ఉండాల్సిందని నాకు చాలాకాలం బాధగా ఉండేది. ఈసారి చెప్పాలనుకున్నాను.

“చూడమ్మా, నీ మంచికే చెబుతున్నాను. పెద్దవాళ్ళు అంతదూరం నుంచి వచ్చి, మెడలు నొప్పెట్టేలా సంచుల వంక చూస్తారా? మంచి కేన్వాసు మీద కొల్లేటినే వెయ్యి. పక్షులు, పడవ, సూర్యాస్తమయం. సామగ్రి సంగతి నేను చూసుకుంటాను.”

ఆ అమ్మాయి సంచుల్ని మడత పెట్టింది. మడత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

“అలాగేనండీ” అంది.

నేను సంతోషించాను. ఆ సాయంత్రమే సామగ్రి సాయం ఫైలు కదిపాను. నా చేతిలో ఏ ఫైలూ అంత వేగంగా నడవలేదు. విజయవాడ నుంచి కేన్వాసులు, ఖరీదైన రంగులు వచ్చాయి. ఇరవై రోజుల్లో మూడు బొమ్మలు తయారయ్యాయి. ఎర్రటి ఆకాశం కింద కొంగలు, వల విసురుతున్న మనిషి, తామరపూల మధ్య దోనె పడవ. నాకు విపరీతంగా నచ్చాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

“బావున్నాయి కదమ్మా?” అని అడిగాను.

“మీకు నచ్చితే అలాగేనండీ.”

శాఖాధిపతి గారిని అడిగితే ఆయనా అదే అన్నారు. రెండు ఆమోదాలు దొరికాయని లెక్కేసుకుని, మూడు బొమ్మల పేర్లూ జాబితాలో రాయించి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి, దరఖాస్తును పోర్టల్లో ఎక్కించాను. సంచుల పరదా మెస్సు అటక మీదికి పోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను చూసి నేను నవ్వుకునేదాన్ని. నా కుందేలుకు మూడు కేన్వాసులు.

కమిటీ ఏప్రిల్లో వచ్చింది. ఇద్దరు. ఒకరు తెల్లటి గడ్డమున్న శిల్పి, మన భాష రాని పెద్దాయన. ఇంకొకరు హైదరాబాదు నుంచి వచ్చిన చిత్రకారిణి. మా దగ్గరికి ఏ కమిటీ వచ్చినా పని సగం పూట, ద్వారకా తిరుమల దర్శనం మిగతా సగం. ఆ ఏర్పాట్లు చూసేది నేనే. కొండ మీద ఏ వేళ రద్దీ తక్కువో మా పాస్టరు గారికి తెలియనంత బాగా నాకు తెలుసు. దర్శనానికి వెళ్ళేవాళ్ళని చివరి నిమిషంలో గుర్తొచ్చి కొరమేను పులుసు మానేశాం. కొల్లేటి బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళకు పప్పుచారు పెట్టాం.

భోజనాల బల్లలు వెయ్యడానికి మెస్సు వెనక ఖాళీ స్థలం తప్ప చోటు లేదు. అక్కడేమో నిలువునా ఎండ. ముహూర్తాల రోజులు కావడంతో షామియానా వస్తానన్నవాడు రాలేదు. ఇక్కడ మా అటెండరు గారి గురించి చెప్పాలి. ఆయన భీమడోలులో బండెక్కేవారు. వయసులో నాకన్నా పెద్ద. రైల్లో నేను ఆయన్ని “బాబాయి గారూ” అనేదాన్ని, ఆయన నన్ను “అమ్మాయ్” అనేవారు. గూడెంలో దిగి ఆఫీసు గేటు దాటగానే “మేడమ్ గారూ” అయిపోయేదాన్ని. ఈ ఏర్పాటులో మా ఇద్దరికీ ఎప్పుడూ తడబాటు రాలేదు.

“మేడమ్ గారూ, ఎండకి ఏం కట్టమంటారండీ?” అన్నారాయన.

“అటక మీద ఆ సంచుల పరదా ఉందిగా. అది కట్టేయండి” అన్నాను.

లోపల కమిటీవాళ్ళు కేన్వాసుల ముందు నిలబడ్డారు. పెద్దాయన మూడింటినీ వరసగా చూసి కిటికీ వైపు నడిచారు. ఆవిడ మాత్రం అమ్మాయిని అడిగారు.

“ఇవి ఎందుకు వేశావమ్మా?”

అమ్మాయి ఒకసారి నా వంక చూసింది. “ఫెలోషిప్పు కోసమండీ” అంది.

ఆవిడ పెన్నుకు మూత పెట్టేశారు. ముప్పై రెండేళ్ళుగా ఫైళ్ళ మీద పెన్నులు చూసినదాన్ని. ఏమీ రాయకుండా మూత పెడితే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అమ్మాయి మాత్రం కేన్వాసుల మీద దుమ్ము తుడుస్తూ నిలబడింది. తూకాలు రాసే పనికి మనసులో అప్పుడే బయల్దేరిపోయినట్టు కనిపించింది.

భోజనాలకు కూర్చున్నాం. పిల్లలు మంచినీళ్ళు పోస్తున్నారు. దర్శనం కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. పెద్దాయన పప్పు కలుపుకుంటూ ఆగిపోయారు. ఆయన విస్తరి మీద వెలుగు చుక్కలు వరసలుగా పడి ఉన్నాయి. చేతిని కదిపితే చేతి మీదికి ఎక్కాయి. ఆయన తలెత్తారు. అలాగే ఉండిపోయారు. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, పక్కనున్న ఖాళీ బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు.

నేను వడదెబ్బ అనుకున్నాను. మజ్జిగ తెమ్మని అటెండరు గారిని పరుగెత్తించాను. మజ్జిగ వచ్చేలోగా ఆవిడ కూడా తలెత్తి చూస్తున్నారు.

అప్పుడు నేనూ చూశాను. ఆఫీసు నేల మీద పరిచి చూసినప్పుడు మరకలైనవి, పైన ఎండ తగిలేసరికి నీళ్ళయ్యాయి. మేం ఆ నీళ్ళ అడుగున కూర్చుని అన్నం తింటున్నాం. మా మీదుగా దోనెల అడుగుభాగాలు వెళ్తున్నాయి. కొంగల పాదాలు, బాతుల పొట్టలు తేలుతున్నాయి. మేత చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఒక మూల మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగిన రెండు కాళ్ళు, పగిలిన మడమలతో సహా. ఇవేమీ పరదా విప్పి చూపించిన రోజున లేకపోలేదు. నేనే పైనుంచి చూశాను. నాకు చాలా సిగ్గేసింది.

“ఇది ఎవరిది?” అన్నారు ఆవిడ.

“నాదేనండీ” అంది అమ్మాయి, నీళ్ళ జగ్గు పట్టుకుని.

“ఆ కాళ్ళు?”

“మా నాన్నవండీ. మేత కడుతున్నారండీ.”

ఆవిడ సంచిలోంచి జాబితా తీశారు. “ఇందులో లేదే. జాబితాలో లేనిదాన్ని మేం లెక్కలోకి తీసుకోకూడదు. పంపిన ఆఫీసువాళ్ళు తమవల్ల తప్పు జరిగిందని ఇవాళ రాసిస్తే తప్ప.”

మా శాఖాధిపతి గారు, పాపం, నన్ను కాపాడాలనుకున్నారు. “టైపింగ్ పొరపాటు అయ్యుంటుందండీ. అంతే కదండీ మేడమ్ గారూ?” అన్నారు.

ఇది మా ఆఫీసు ఆచారం. అక్కడ తప్పులన్నీ టైపింగులోనే జరుగుతాయి. మంత్రి గారి పేరు తప్పినా, బిల్డింగుకు పునాది తప్పినా టైపింగే. గుమ్మం దగ్గర నిలబడ్డ మా టైపిస్టు, ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తే తప్ప ఉద్యోగం లేని మనిషి, ఒప్పుకోవడానికి అప్పటికే నోరు తెరిచింది. “అలా…” వరకు నాకు వినిపించింది.

నా రిజిస్టరు ఎంత శుభ్రంగా ఉందో నాకు గుర్తొచ్చింది. దిగిపోయే రోజున దాని గురించి ఎవరో ఒకరు మైకులో చెబుతారని కూడా అనుకుంటూ ఉండేదాన్ని. ఇటు చూస్తే నీళ్ళ జగ్గుతో ఆ అమ్మాయి. నేను ఏం చెప్పినా తను కాదనదని అప్పటికి నాకు బాగా తెలిసింది.

“టైపింగ్ కాదండీ” అన్నాను.

కాగితం తెప్పించి, అన్నం బల్ల మీదే రాశాను. ఈ విద్యార్థిని తన దరఖాస్తుకు సంచుల మీద వేసిన బొమ్మనే తెచ్చిందని, అది వద్దని నేనే వేరే బొమ్మలు వేయించానని, జాబితా నేను చెప్పినట్టే తయారైందని, తప్పు నాదని. అంత చిన్న నోటు నేను ఎప్పుడూ రాయలేదు. ముద్ర కోసం టైపిస్టును పంపాను. ఆ పిల్ల పరుగున వెళ్ళి పరుగున వచ్చింది. ముద్ర కింద కొంచెం పప్పు మరక కూడా పడింది.

మూడింటికి కొండకు బయల్దేరాల్సినవాళ్ళు అయిదింటిదాకా బల్లల మీద పడుకుని ఉన్నారు. ఎండ వాలేకొద్దీ నీళ్ళ రంగు మారుతోంది. ఆ అమ్మాయి నేల మీద కూర్చుని, ఏ సంచి ఏ చెరువుదో, ఏ చిల్లు ఎలా పడిందో చెబుతూనే ఉంది. తను అన్ని మాటలు మాట్లాడగలదని మా శాఖాధిపతి గారికి కూడా తెలియదట. ఆ రోజు దర్శనం జరగలేదు. నా సర్వీసులో దర్శనం తప్పిన కమిటీ అదొక్కటే.

తిరుగు బండిలో అటెండరు గారు నా పక్కనే కూర్చున్నారు. భీమడోలు దగ్గర పడ్డాక అన్నారు.

“అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. ఆ పరదా నాకు తోచినట్టు కడదామని ఎత్తానమ్మా. ఆ పిల్లొచ్చి, తాళ్ళు విప్పించి, బెత్తెడు బెత్తెడు కొలిచి మళ్ళీ కట్టించింది.”

“నాతో చెప్పలేదేం బాబాయి గారూ?”

“మేడమ్ గారితో చెప్పొద్దా అని అడిగాను. మేడమ్ గారు కట్టమన్నారు కదండీ, ఎలా కట్టాలో చెప్పలేదు కదండీ, అంది.”

భీమడోలు వచ్చింది. ఆయన దిగిపోయారు. ఏలూరు దాకా నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉన్నాను. ఎదుటి సీటావిడ బేగు దగ్గరికి లాక్కుంది.

ఫెలోషిప్పు ఆ అమ్మాయికి వచ్చింది. నాకు మెమో వచ్చింది. విద్యార్థుల బొమ్మల విషయంలో సూపరింటెండెంటు ఎందుకు కలగజేసుకున్నారో వారం లోపల సంజాయిషీ ఇవ్వాలి. కలగజేసుకోకూడదని తెలియక, అని రాశాను. మందలించడమైనది, అని ఎర్ర సిరాతో రాశారు. దిగిపోయే రోజున మైకులో నా సమయపాలన గురించి మాట్లాడారు. కేన్వాసులు మూడూ ఇప్పుడు పై అధికారి గారి పేషీలో, సందర్శకుల గదిలో ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారని విన్నాను. నిజం చెప్పాలంటే నాకు కూడా ఇప్పటికీ బాగానే ఉంటాయి.

ఇంతకీ మీకు చెప్పదలచుకున్నది ఇదే. మీ బల్ల ముందు నిలబడ్డ పిల్ల “అలాగేనండీ” అంటే వెంటనే సంతకం పెట్టకండి. ఒక నిమిషం ఆగి, మూట ఎంతసేపు మడత పెడుతోందో చూడండి. నోటీసు బోర్డు తాళం కూడా తీసేయండి. నేను వెళ్ళిపోయే ముందు తీసేశాను.

మొన్నామధ్య ఆ అమ్మాయి ఏలూరు వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఏడాది పూర్తయింది, ప్రదర్శన అయింది, అక్కడే ఇంకో రెండేళ్ళు ఉండమన్నారట. తండ్రి కాపలా మానలేదు. కూతురి కోసం చిరిగిన సంచులు పోగేసి, బాగున్న సంచుల్ని కూడా చించబోతే యజమాని పట్టుకున్నాడట. నా కోసం ఒక చిన్న పరదా తెచ్చింది, నాలుగు సంచులది. ఒకే ఒక్క దోనె అడుగు, దాని పక్కన ఒక జత కొంగ పాదాలు.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. “ఎంత బావుందమ్మా. మంచి ఫ్రేము కట్టించి, అద్దం వేయించి హాల్లో గోడకు పెడతాను” అన్నాను.

ఆ అమ్మాయి పెదవులు “అలా” వరకు వెళ్ళాయి. ఆగాయి. నా మొహంలోకి చూసింది.

“వద్దండీ” అంది.

సర్వీసులో గానీ, దిగిపోయాక గానీ ఒక విద్యార్థి నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. స్టూలు నేనే తెచ్చి పట్టుకున్నాను. తను ఎక్కి, వరండాకు ఎండ వచ్చే వైపు, బెత్తెడు బెత్తెడు కొలిచి కట్టింది.

ఇప్పుడు పగలంతా దాని కింద పడక్కుర్చీ వేసుకుని పడుకుంటాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా పైకి చూసి జాలిపడతారు. “ఎండకి పాత సంచులు కట్టుకున్నారేవండీ? బజార్లో గ్రీన్ నెట్ చవగ్గా దొరుకుతోంది కదండీ, అది వేయించుకోండి” అంటారు.

“అలాగేనండీ” అంటాను.